బ్లాక్ మారితే కారు మారినట్టేనా? జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్ కథ

ఈరోజు మన టాపిక్ ఒక పెద్ద ఇనుప దిమ్మె. పాత స్పోర్ట్స్ కార్లో ఇంజన్ బ్లాక్ పగిలిందనుకోండి. అతుకు వేయించాలా, కొత్తది పెట్టాలా? మెకానిక్‌ని అడగాల్సిన ప్రశ్న కదా అనిపిస్తుంది. కానీ దీని వెనకాల ఒక యుద్ధం ఉంది, కొన్ని ఓడలు ఉన్నాయి, చివర్లో మన ఆర్‌సీ బుక్కు కూడా ఉంది.

ముందు బ్లాక్ అంటే ఏంటో చూద్దాం. బైక్‌కి బోరు చేయించడం మీకు తెలుసు కదా? పిస్టన్ పైకీ కిందికీ ఆడే ఆ బోర్లన్నీ కలిపి ఒకే ముక్కగా పోత పోస్తే అదే కారు ఇంజన్ బ్లాక్. బోర్ల చుట్టూ నీళ్ళు తిరగడానికి లోపల దారులుంటాయి. మిగతా ఇంజనంతా దీనికే బిగిస్తారు.

ఇప్పుడు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీకి వెళ్దాం. 1940 నవంబర్‌లో జర్మన్ బాంబులకి ఆ ఊరు నేలమట్టమైంది. యుద్ధం రోజుల్లో ఫ్యాక్టరీలకి నిప్పు అంటుకోకుండా రాత్రిళ్ళు కాపలా కాసేవాళ్ళు. జాగ్వార్ పెద్ద విలియమ్ లయన్స్, ఇంజనీర్లు విలియమ్ హేన్స్, వాల్టర్ హసన్, క్లాడ్ బెయిలీ ఆ కాపలా డ్యూటీలో కూర్చుని, యుద్ధం అయ్యాక చేయాల్సిన ఇంజన్ గురించి మాట్లాడుకునేవారు. అదే ఎక్స్‌కే ఇంజన్. వరుసగా ఆరు సిలిండర్లు, పైన అల్యూమినియం హెడ్, కింద పోత ఇనుము బ్లాక్. 1948లో లండన్ మోటార్ షోలో ఎక్స్‌కే120 కారులో జనం ముందుకొచ్చింది. 1951, 53, 55, 56, 57... ఐదుసార్లు లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది ఈ ఇంజనే. 1961లో జెనీవాలో వచ్చిన ఈ-టైప్‌లోనూ ఇదే.

మరి ఇంత గట్టి బ్లాక్ ఎందుకు పగులుతుంది? మొదటి ఇంజన్ 3.4 లీటర్లు, బోరు 83 మిల్లీమీటర్లు. పవర్ కోసం దాన్ని 87కి పెంచి 3.8 లీటర్లు చేశారు. కానీ సిలిండర్ల మధ్య దూరం పెరగలేదు. గోడలు పలచబడ్డాయి. అందుకే 3.8 బ్లాక్‌లో లోపల లైనర్లు, అంటే మన షెడ్లలో స్లీవ్‌లు అంటారే, అవి కొట్టాల్సి వచ్చింది. ఇక ఏళ్ళు గడిచేకొద్దీ నీటి దారుల్లో తుప్పు, మడ్డి పేరుకుంటాయి. అక్కడ వేడెక్కుతుంది. చలిదేశాల్లో ఇంకో గండం ఉంది. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. చలికాలం రాత్రి బ్లాక్‌లో నీళ్ళు వదిలేస్తే పొద్దున్నకి ఇనుము చీలిపోయి ఉంటుంది. ఇక నడుస్తుండగా కనెక్టింగ్ రాడ్ విరిగితే పక్క గోడకి బొక్కే.

వెల్డింగ్ చేసేస్తే పోదా అంటారా? పోత ఇనుములో కార్బన్ ఎక్కువ, పెళుసు ఎక్కువ. ఒకచోట వేడి చేస్తే, చల్లారేటప్పుడు పక్కన కొత్త పగులు వస్తుంది. అందుకే చాలాకాలం పాటు పగిలిన పోత అంటే పాత సామాన్ల కొట్టుకి వేయడమే అన్న నమ్మకం ఉండేది.

ఆ నమ్మకాన్ని గట్టిగా దెబ్బకొట్టింది కార్లు కాదు, ఓడలు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఓడలు కొన్ని అమెరికా రేవుల్లో చిక్కుకుపోయాయి. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగి వాటిని స్వాధీనం చేసుకునేసరికి, జర్మన్ సిబ్బంది ఇంజన్ల పోత సిలిండర్లని పగలగొట్టేసి ఉన్నారు. ఇవి ఇప్పట్లో కదలవని వాళ్ళ లెక్క. అమెరికన్ నేవీ కొత్త సిలిండర్ల కోసం కూర్చోలేదు. ఎలక్ట్రిక్ వెల్డింగ్‌తో, లోహపు అతుకులతో నెలల్లోనే బాగు చేసింది. కైజర్ విల్హెల్మ్ 2 అనే ఓడ అగమెమ్నాన్ అని పేరు మార్చుకుని, జర్మనీ మీద పోరాడే సైనికులనే ఫ్రాన్స్‌కి మోసింది!

తర్వాత వేడి అక్కర్లేని పద్ధతి ఒకటి బాగా వాడుకలోకి వచ్చింది. దాని పేరు మెటల్ స్టిచింగ్, ఇనుముకి కుట్లు అన్నమాట. పగులు వెంట రంధ్రాలు వేసి, మరలున్న పిన్నులు బిగిస్తారు. ఒక పిన్ను అంచుని కోసుకుంటూ పక్క పిన్ను దిగుతుంది. పగులుకి అడ్డంగా తాళాల్లాంటి ముక్కలు దిగ్గొట్టి, పైన నున్నగా చేసి, ప్రెషర్ పెట్టి లీకేజీ చూస్తారు. పాత జాగ్వార్ బ్లాకుల్ని ఇప్పటికీ ఇలాగే బతికిస్తున్నారు.

ఇంత కష్టం ఎందుకు, వేరే బ్లాక్ పెట్టేయొచ్చు కదా? ఒకప్పుడు అలాగే చేసేవాళ్ళు. అప్పట్లో ఇవి పాత కార్లు మాత్రమే. ఇవి సంపదగా మారాక ఒక చిన్న విషయం పెద్దదైంది. బ్లాక్ మీద ఆయిల్ ఫిల్టర్ పైన ఒక నంబర్ కొట్టి ఉంటుంది. అది ఫ్యాక్టరీ రికార్డుతో సరిపోతే "మ్యాచింగ్ నంబర్స్" కారు. సరిపోకపోతే అదే కారు ధర పడిపోతుంది. దాంతో పాత నంబర్ అరగదీసి, కావలసిన నంబర్ కొట్టే మోసాలూ మొదలయ్యాయి.

2019లో జాగ్వార్ క్లాసిక్ విభాగమే 3.8 బ్లాక్‌ని మళ్ళీ పోత పోయడం మొదలుపెట్టింది. ధర 14,340 పౌండ్ల నుంచి, అంటే అప్పటి లెక్కలో సుమారు 12 లక్షల 70 వేల రూపాయలు. దానికి వారంటీ కూడా. మీ పాత బ్లాక్‌ని వాళ్ళకి అప్పగిస్తే, అదే నంబర్ కొత్తదాని మీద కొట్టి ఇస్తారు. ఇక్కడే నాకు చిక్కుముడి కనిపిస్తుంది. ఇనుము 2019ది, నంబర్ 1961ది. ఈ రెండిట్లో ఏది అసలు?

ఇది మనకి దూరపు విషయం కాదు. మన దగ్గర ఇంజన్ మారిస్తే ఆర్‌టీఓకి చెప్పి ఆర్‌సీలో నంబర్ మార్పించుకోవాలి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటిన బండికి "వీఏ" అక్షరాలున్న ప్రత్యేక రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కానీ షరతు ఏంటంటే, బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మీ తాతగారి అంబాసిడరో, జీపో షెడ్డులో ఉంటే ఈ ప్రశ్న రేపు మీదే.

నా అభిప్రాయం చెప్తాను. కుట్టగలిగితే ముందు కుట్టించండి. ఆ మచ్చ కూడా బండి చరిత్రే. మెకానిక్ చేతులెత్తేస్తే, కొత్త బ్లాక్ పెట్టి రోడ్డు మీద నడపండి. షెడ్డులో తుప్పు పట్టడం కంటే అది నయం. కానీ ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో రాసి, ఫోటోలు తీసి, బిల్లులు దాచండి. బ్లాక్ మార్చడం తప్పు కాదు, మార్చలేదని నమ్మించడమే తప్పు.

మీ ఇంట్లో పాత బండి ఉంటే, ఈరోజే బ్లాక్ మీద నంబర్ తుడిచి, ఆర్‌సీతో పోల్చి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.