వ్యాయామ ఉపాధ్యాయుల వృత్తి నిమగ్నత

బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయులు (పి.ఇ.టి.లు), కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టర్లు (పీడీలు) తమ ఉద్యోగంతో ఎంతగా మమేకమయ్యారో తెలిపే భావన వృత్తి నిమగ్నత. ఊళ్లలో వీరిని డ్రిల్లు మాస్టారు, పీడీ సారు అని పిలుస్తారు.

భావన, కొలమానాలు

ఉద్యోగ సంతృప్తి వేరు, నిమగ్నత వేరు. జీతం, వసతులు, పనిచేసే చోటు నచ్చితే సంతృప్తి కలుగుతుంది. చేసే పనే తన గుర్తింపుగా మారితే అది నిమగ్నత. దీన్ని కొలవడానికి లోడాల్, కెజ్నర్ 1965లో 20 వాక్యాల ప్రశ్నావళిని, కనుంగో 1982లో 10 వాక్యాల కొలమానాన్ని రూపొందించారు.

చరిత్ర

వ్యాయామ విద్యలో శిక్షణ కోసం హెచ్.సి. బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. కళాశాల స్థాపించాడు. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాడు. హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీం వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, అక్కడే ఆటల బాధ్యత చేపట్టాడు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

తీరప్రాంతంలో పని

ఉదాహరణకు, నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మండలం. కోడూరు తీరం ఇందులోదే. ఇలాంటి చోట్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు మైదానాల్లో నీళ్లు నిలుస్తాయి. వాన వెలిశాక కబడ్డీ కోర్టును మళ్లీ కొలిచి, తాడు పట్టి, సున్నంతో గీతలు వేయాలి. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మహిళలది 12, 8 మీటర్లు. ప్రార్థనకు వరుసలు కట్టించడం, జట్లను ఎంపిక చేయడం, పిల్లలను పోటీలకు తీసుకెళ్లి క్షేమంగా ఇళ్లకు చేర్చడం కూడా వ్యాయామ ఉపాధ్యాయుడి పనే.

ప్రభావితం చేసే అంశాలు

మైదానం, ఆట సామగ్రి, ప్రధానోపాధ్యాయుడి అండ, తల్లిదండ్రుల ఆదరణ నిమగ్నతను పెంచుతాయి. ఆటల పీరియడును లెక్కల పాఠానికి మళ్లించడం, వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి క్రమశిక్షణ చూసే మనిషిగానే గుర్తించడం దాన్ని దెబ్బతీస్తాయి. విద్యాహక్కు చట్టం (2009) షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటోంది. 6–8 తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుణ్ణి నియమించాలనీ చెబుతోంది.

ఉపాధ్యాయుడి అంకితభావం ఒక్కటే చాలదు. టైంటేబుల్లో ఉన్న ఆటల పీరియడును ఆటలకే వదలాలి. ఆ పని ఈ విద్యాసంవత్సరంలోనే ప్రతి ప్రధానోపాధ్యాయుడూ చేయవచ్చు.