ఇనుముకు ఇరుగుపొరుగు

సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, పదును ఆరని చేలో మినుములు చల్లడం చల్లపల్లి చుట్టుపక్కల కృష్ణా డెల్టా రైతులకు పాత అలవాటు. ఎదిగిన మినుము మొక్కను పీకి, వేరున ఉన్న బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు మన నెత్తుటి ఎరుపుకు దాయాది. 1939లో కుబో అనే జపాను శాస్త్రజ్ఞుడు సోయా చిక్కుడు బుడిపెల్లో గుర్తించిన ఆ పదార్థమే లెగ్‌హీమోగ్లోబిన్. నాలుగు నత్రజని పరమాణువులున్న ఒక పెద్ద వలయం, దాని నడుమ ఒక ఇనుప పరమాణువు: రెండు ఎరుపులకూ మూలం ఈ హీమ్ చట్రమే.

ఇటువంటి వలయాన్ని 1912లో కుస్టర్ ప్రతిపాదించినప్పుడు, అంత పెద్ద వలయం నిలవదని తోటివారు ఒప్పుకోలేదు. 1929లో హాన్స్ ఫిషర్ హెమిన్‌ను ప్రయోగశాలలో నిర్మించి చూపాక వివాదం ముగిసింది. మరుసటి ఏడే ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అసలు చిక్కుముడి అక్కడే మొదలయింది. నెత్తురులో ఈ ఇనుము ప్రాణవాయువును మోసుకుపోయి పదిలంగా దించుతుంది. కాలేయంలో 1962లో ఓమురా, సాటోలు పి-450 అని పేరు పెట్టిన ఎంజైములో అదే ఇనుము అదే ప్రాణవాయువుతో మనం మింగిన మందులను ఆక్సీకరిస్తుంది. ఒకరు బోయీ, ఒకరు కొలిమివాడూ ఎలా అయ్యారు? వలయానికి దిగువన ఇనుమును అంటిపెట్టుకున్న పొరుగువాడు వేరు. నెత్తురులో అది హిస్టిడిన్ తాలూకు నత్రజని, పి-450లో సిస్టీన్ తాలూకు గంధకం. భేదానికి కారణం ఇదొక్కటే కాకపోయినా, ఇది ముఖ్యమైనది.

ప్రొటీను లేకుండా ఉత్త వలయంతోనే ఆ పని చేయించవచ్చని 1979లో గ్రోవ్స్ బృందం నిరూపించింది. 2003లో నామ్, క్వే, మ్యూంక్‌ల బృందాలు టి.ఎం.సి. అనే సరళమైన వలయంలో, ఇనుముకు ఆక్సిజన్ జంటబంధంతో అతికి ఉన్న స్థితిని స్ఫటికరూపంలో పట్టుకున్నాయి. ఇక పొరుగువాణ్ణి మార్చి చూడటమే మిగిలింది. 2007లో ఆ పరీక్ష ఫలితాలు వెలువడిన వ్యాసంలో మొదటి పేరు చివుకుల శాస్త్రిది. ఆయన తరువాత గువాహటి ఐ.ఐ.టి.లో ఆచార్యులయ్యారు.

పొరుగువాడు ఎలక్ట్రానులను ధారాళంగా ఇస్తే ఇనుము ఆకలి తీరి, దాని దూకుడు తగ్గాలి. ఆక్సిజన్‌ను ఫాస్ఫీనుకు అందించే చర్యలో అలాగే తగ్గింది. హైడ్రోజన్‌ను లాక్కునే చర్యలో మాత్రం, విచిత్రంగా, వేగం పెరిగింది. అందులో గంధకం పొరుగున ఉన్నదే అన్నిటికన్నా చురుకైనది! పి-450 గంధకాన్ని ఎందుకు కోరుకుందో ఊహించడానికి అదొక ఆధారం.

ఇది పండితుల వేడుక మాత్రమే కాదు. క్రోమియం వంటి విషలోహాలతో చేసే ఆక్సీకరణను ఇనుప వలయమూ హైడ్రోజన్ పెరాక్సైడూ చేయగలిగితే, చివరకు మిగిలేది ప్రధానంగా నీరు. ఆ దిశగా టామ్ల్ అనే వలయాలను రూపొందించిన కాలిన్స్‌కు 1999లో అమెరికా హరిత రసాయన పురస్కారం దక్కింది. నదికి ఎగువన ఏది కలిపినా దిగువవారే తాగాలి. హంసలదీవి వైపు సాగే కృష్ణకు దిగువన ఉన్న ఊళ్లలో చల్లపల్లి ఒకటి. ఇనుము పక్కన ఎవరుండాలన్న ప్రశ్న ఆ ఊరికీ సంబంధించినదే.