పులివెందుల నుంచి పోచింకి దాకా

2020 సెప్టెంబరు 2, బుధవారం. పొద్దున తొమ్మిదికే పులివెందులలో ఎండ చురుక్కుమంటోంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి పదకొండో వర్ధంతి. విగ్రహాలకు దండలు పడుతున్నాయి, మైకులు మోగుతున్నాయి, మాస్కులు గడ్డాల కిందికి జారిన జనం మధ్య నుంచి కార్లు ఇడుపులపాయ వైపు పోతున్నాయి. మీరు ఆ సందడి దాటి పక్క సందులోకి తిరగండి. మూతపడిన ట్యూషన్ సెంటరు అరుగు మీద నలుగురు పిల్లలు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. పెద్దవాడికి పదిహేనుంటాయేమో. వంగి చూస్తే, నలుగురూ విమానంలోంచి దూకబోతున్నారు.

"రేయ్, పోచింకిలో దిగుదామా?"

"వద్దు మామా, ఆడ జనం జాస్తి. స్కూల్లో దిగు."

కరోనా వల్ల మార్చి నుంచి బళ్లు లేవు. వీళ్లు దిగుతున్న బడి, వద్దనుకున్న పోచింకి పబ్‌జీ ఆటలోని ఎరాంగెల్ అనే ద్వీపంలో ఉన్నాయి. అక్కడ నూరు మంది దిగుతారు. తుపాకీ ఎక్కడ దొరికితే అక్కడ ఏరుకుంటారు. ఆట గడిచేకొద్దీ నిలబడగలిగిన చోటు కుంచించుకుపోతుంది. చివరికి మిగిలిన జట్టుదే గెలుపు.

"నాక్ అయినా! రివైవ్ ఇయ్యిరా!" అని చిన్నవాడు అరుస్తాడు. తోటివాడు పాకుతూ వెళ్లి పక్కన కూర్చుంటే, పడినవాడు పది సెకన్లలో లేస్తాడు. అరుగు మీద నవ్వులు. ఆ నవ్వు చూడండి, అందులో క్రూరత్వం లేదు. నెలల తరబడి ఇంట్లో మగ్గిన పిల్లలు ఒకరినొకరు కాపాడుకున్న సంతోషం అది. అదే సమయంలో వాళ్ల బొటనవేళ్లు మనుషుల తలల మీద గురి చూడడం నేర్చుకుంటున్నాయి. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్ల మాట నేను నమ్మను.

ఎందుకంటే ఈ నేల మీద హింస బొమ్మ కాదు. ఈరోజు ఎవరి విగ్రహానికి దండలు పడుతున్నాయో ఆయన తండ్రి రాజారెడ్డి 1998లో బాంబు దాడిలో చనిపోయారు. నాటుబాంబు అనే మాటకు ఇక్కడ చేతులు తెగిన మనుషులు, పంట కోసే మగదిక్కు లేని ఇండ్లు, కోర్టు వాయిదాలకే కరిగిపోయిన చేన్లు గుర్తొస్తాయి.

ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు దారి పట్టండి. అరటి తోటలు, చీనీ తోటలు వెనకబడతాయి. ముద్దనూరు దాటాక నాపరాళ్ల గోడలు, నల్లరేగడి. జమ్మలమడుగులో మధ్యాహ్నం భోజనాల వేళ. రాజశేఖరరెడ్డి 1949లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఊరి బయట ఒక ఇంటి వసారాలో నులకమంచం మీద ఒక పెద్దాయన, ఆయన కాళ్ల దగ్గర మనవడు. ఆ చేతిలోనూ అదే ఆట.

"ఎవురినిరా కాల్చేది?"

"ఎనిమీని అబ్బా."

"వాడు నీకేం జేసినాడు?"

"ఏం జేయలా. కాల్చకపోతే వాడే మనల్ని కాలుస్తాడు."

పెద్దాయన కాసేపు తెర వంక చూస్తాడు. పడినవాడు లేవడం ఆయన కంటబడింది. "లేచినాడే వాడు!" అంటాడు. తర్వాత మీ వైపు తిరిగి, "అట్ల లేచేదుంటే మా ఊర్లో ఇన్ని ఇండ్లకు తాళాలు పడేటివి కావు నాయనా" అంటాడు. మనవడు తలెత్తలేదు. ఆ మాట వాడి చెవిదాకా వచ్చిందో లేదో చెప్పలేం. కానీ ఈ ఆట గురించి ఏ అధికారీ అడగని ప్రశ్నలు రెండు ఈ నులకమంచం మీద అడిగారు: ఎవరిని, ఎందుకు.

సాయంత్రానికి ప్రొద్దుటూరు చేరండి. రెండో బొంబాయి అని పిలుచుకునే ఊరు. బంగారం అంగళ్ల ముందు లాక్‌డౌన్ తర్వాత మళ్లీ జనం కదులుతున్నారు. మీరు ఒక సెల్‌ఫోన్ అంగడి ముందు నిలబడండి. అయిదు దాటాక వార్త వస్తుంది. కేంద్ర ఐటీ శాఖ 118 యాప్‌లను నిషేధించింది. పబ్‌జీ మొబైల్, దాని లైట్ రూపం కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

అంతే, అంగడి నిండిపోతుంది. "అన్నా, ఇప్పుడే ఎక్కించు. రేపట్నుంచి ప్లే స్టోర్‌లో ఉండదంట." ఇంకొకడు ఆటలో చొక్కాలకు, తుపాకీ రంగులకు పెట్టిన డబ్బు గతేమిటని అడుగుతున్నాడు. ఛార్జర్ కోసం వచ్చిన ఒకాయన, "చైనాకు బుద్ధొచ్చాది" అంటాడు. ఆయన కోపానికి కారణముంది. జూన్ 15న గల్వాన్‌లో ఇరవై మంది సైనికులు ప్రాణాలు వదిలారు, వాళ్లలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు ఒకరు. వెనకే నిలబడిన ఒక తల్లి, "మంచిపని చేసినారు. మా పిల్లోడు అన్నం గూడా తినడంల్యా" అంటుంది.

ఇద్దరూ సంతోషించారు. కానీ ఉత్తర్వు ఆయన కోసం వచ్చింది, ఆమె కోసం కాదు. ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద ఇచ్చిన ఆ నిషేధానికి చూపిన కారణాలు దేశ సార్వభౌమత్వం, రక్షణ, భద్రత, శాంతిభద్రతలు. మన సమాచారం సరిహద్దు దాటిపోతోందన్నది అభియోగం. ఆట దక్షిణ కొరియా వాళ్లది, మొబైల్ రూపం నడిపింది చైనా కంపెనీ టెన్‌సెంట్. పదేళ్ల పిల్లవాడు తలకు గురిపెట్టి కాల్చడం గురించి ఆ ఉత్తర్వులో ఒక్క మాట లేదు.

మరుసటి రోజే రాష్ట్ర మంత్రివర్గం కూర్చుని ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటి ఆటలను నిషేధించాలని నిర్ణయించింది. నిర్వాహకులకు మొదటిసారి ఏడాది, రెండోసారి రెండేళ్లు, ఆడినవాళ్లకు ఆరు నెలల దాకా జైలు. అక్టోబరులో పులివెందుల ఎమ్మెల్యే కూడా అయిన అప్పటి ముఖ్యమంత్రి జగన్ 132 సైట్లు, యాప్‌లు ఆపించమని కేంద్రానికి లేఖ రాశారు. డబ్బు పోగొట్టుకునేవాళ్ల గోడు ప్రభుత్వం విన్నది, అది మంచిదే. తుపాకీ ఆటల మాట అక్కడా రాలేదు.

హింస పేరు చెప్పి ఆపినవాళ్లు లేకపోలేదు. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు 144 సెక్షన్ కింద పబ్‌జీని నిషేధించి, ఆడుతున్న కుర్రాళ్లను అరెస్టు చేశారు. జమ్మలమడుగు వాళ్లకు 144 సెక్షన్ కొత్త కాదు, ఎన్నికలొస్తే అది ఊరి మీదికి వచ్చేది. కత్తులు, బాంబులు పట్టే చేతులను ఆపడానికి వాడిన నిబంధనను ఫోను పట్టిన చేతుల మీద ప్రయోగించడం నాకు అన్యాయంగా తోస్తుంది. చైనా మరో దారి పట్టింది. అక్కడి రూపంలో తుపాకీ దెబ్బ తిన్నవాడు చావడు, చేయి ఊపి వీడ్కోలు చెప్పి మాయమవుతాడు. చావును కనబడకుండా చేస్తే కాల్చడం తక్కువవుతుందా? వసారాలోని పెద్దాయన దీనికి ఒప్పుకోడు.

మన దగ్గరా అలాంటిదే జరిగింది. 2021 జులై 2న అదే ఆట 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' అనే పేరుతో వచ్చింది. రక్తం ఆకుపచ్చగా మారింది. చంపడం అన్న మాట తీసి, ముగించడం అన్న అర్థం వచ్చే మాట పెట్టారు. పద్దెనిమిది లోపు వాళ్లకు రోజుకు మూడు గంటలు, ఆడేముందు తల్లిదండ్రుల ఫోనుకు ఓటీపీ. 2022 జులైలో దాన్నీ తీసేశారు, 2023 మేలో మళ్లీ అనుమతించారు. పోయినప్పుడూ వచ్చినప్పుడూ ప్రొద్దుటూరులో ఏ తల్లికీ ఎవరూ కారణం చెప్పలేదు.

సినిమాకు అడిగేవాళ్లున్నారు. 1952 చట్టం, సెన్సార్ బోర్డు, పోస్టరు మీద సర్టిఫికెట్. మన జిల్లా పేరు పెట్టుకున్న 'కమ్మ రాజ్యంలో కడప రెడ్లు' 2019 డిసెంబరులో 'అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు'గా మారాకే విడుదలైంది. ఆ బోర్డు తీర్పులన్నీ సరైనవని నేననను, కానీ పోట్లాడడానికి ఎదురుగా ఒక బల్ల ఉంది. ఆటకు అది లేదు. ప్లే స్టోర్‌లో కనిపించే వయసు అంకె ఎలా వస్తుందంటే, ఆట చేసినవాళ్లే ఒక ప్రశ్నావళి నింపుతారు, జవాబులను బట్టి అంకె పడుతుంది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ ఆటల చట్టం కూడా డబ్బు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌కు చోటిచ్చింది. ఏ వయసుకు ఎంత హింస అన్నది ఇంకా ఎవరి పనీ కాలేదు. అది ఒకరి పని కావాలి. వాళ్లు తెలుగులో రాయాలి, ఎందుకన్నది చెప్పాలి.

ఆట తిరిగొచ్చిన వేసవిలో అదే అంగడికి రండి. ఒకామె కొడుకును వెంటబెట్టుకొచ్చింది.

"దీనికి నా ఫోనుకు నంబరొచ్చాదంట గదా సామీ? నాకు రాలేదే?"

అంగడి కుర్రాడు ఫోను తిప్పి చూస్తాడు. "మీ ఇంట్లో ఉండేది ఈ ఒక్క ఫోనే గదక్కా. నంబరు దీనికే వచ్చింది, మీవాడే కొట్టుకున్నాడు."

"ఎన్నేండ్లోళ్లు ఆడొచ్చు?"

"పదహారు."

"వీనికి పదకొండు. యాడ రాసుండాది ఆ మాట?"

కుర్రాడు తెర మీద చిన్న అంకెను వేలితో చూపిస్తాడు. ఆమె ఫోను దగ్గరికి పట్టుకుని చూస్తుంది. "ఇది రాసింది ఎవురు?"

"ఆట చేసినోళ్లేనక్కా."

"అయితే తీసెయ్యి."

కుర్రాడు తీసేస్తాడు. "రాత్రికి మళ్లీ ఎక్కించుకుంటాలే" అంటాడు కొడుకు, ఆమె వినేలాగే.