బాబీ బండి పూర్వకథ

వసారా మూల తుప్పుపట్టి పడివున్న పొట్టి మోటారుసైకిలును చూడగానే మనకు ముందు గుర్తుకు వచ్చేది పాత ఇనుప సామానులవాడు. తూకానికి వేస్తే చోటు ఖాళీ అవుతుంది గదా అనుకుంటాము. కాని ఆ బండికీ ఒక పుట్టుపూర్వోత్తరం వున్నది. అది తెలిసిన పిమ్మట అమ్మడానికి చేతులు రావు.

1973లో రాజ్ కపూర్ దర్శకత్వాన హిందీ చిత్రం "బాబీ" విడుదలయింది. అందులో రిషి కపూర్ నడిపిన చిన్న బండి రాజదూత్ జీ.టీ.ఎస్. 175. తయారుచేసినవారు ఎస్కార్ట్స్ కంపెనీవారు. వారు పెట్టిన పేరును జనం మరచి, చిత్రం పేరుతోనే "బాబీ" అని పిలుచుకున్నారు.

ఆకారం బుల్లిదే గాని, లోపలిది పెద్ద రాజదూత్‌లోని టూ-స్ట్రోక్ ఇంజనే. ఆ పెద్ద రాజదూత్ పుట్టిల్లు పోలండు దేశం. అక్కడి ఎస్.హెచ్.ఎల్. ఎం-11 అనే బండి నమూనాను ఎస్కార్ట్స్ వారు 1960 దశకంలో అనుమతి పొంది తెచ్చుకున్నారు. చలిదేశంలో పుట్టిన ఆ బండి మన మట్టిబాటలకు అలవాటుపడి, ఊరూరా పాలబిందెలు మోసి, ఇక్కడిదే అయిపోయింది. బ్రతుకుతెరువుకై వచ్చి పరాయిగడ్డను సొంతం చేసుకున్న కుటుంబాలవారికి ఈ సంగతి వింతగా తోచదు.

1980 దశకం నడుమ జపానువారి సహకారంతో తేలిక బండ్లు వచ్చాయి. 1985లో యమహా ఆర్.ఎక్స్. 100, హీరో హోండా సీ.డీ. 100 రెండూ బజారులో దిగాయి. పాత బండ్లు క్రమంగా వసారాలకు చేరాయి.

వాటిని మళ్ళీ నడిపించడం ఇప్పుడు కొందరికి సెలవునాటి వ్యాసంగం. దీనికి డబ్బుకన్న ఓర్పు ముఖ్యం. ఇంజను బిగుసుకుపోతే బలంగా కిక్కు కొట్టరాదు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కొద్దిగా నూనె పోసి, కొన్నాళ్ళు నాననిచ్చి, మెల్లగా కదపాలి. కదలని బోల్టులకు కిరసనాయిలు పట్టించాలి. ట్యాంకిలోని పాత పెట్రోలు తీసివేసి, వెనిగరు పోసి నానబెడితే తుప్పు వదులుతుంది. పిమ్మట సోడాయుప్పు నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. కార్బురేటరు రంధ్రాలు, పాయింట్లు శుభ్రపరచాలి. టూ-స్ట్రోక్ గనుక పెట్రోలులో నూనె కలపడం మరువరాదు.

అయితే చాలామంది పొరపడేది ఇక్కడే. తళతళలాడాలనే మోజుతో కొత్త ఇంజను బిగిస్తారు, ఛాసిస్ కోసి మార్చేస్తారు. అప్పుడు మిగిలేది బండి గాని బాబీ కాదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజి వాహనంగా నమోదు చేయించవచ్చు. కాని ఛాసిస్, ఇంజను వంటివాటిలో మార్పు లేక, అసలు రూపంలో వుండాలి. అలా నమోదయిన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకువెళ్ళవచ్చునే గాని రోజువారీ ప్రయాణానికి వాడరాదు. కనుక తుప్పు గీకేటప్పుడు ఇంజనుమీది, ఛాసిస్‌మీది అంకెలు చెరగకుండా చూడాలి. పాత కాగితాలు పదిలపరచాలి. ఆ అంకెలూ కాగితాలే దాని జన్మపత్రిక.

తుప్పును వదిలించాలి, గుర్తులను నిలపాలి. ఈ రెంటికీ గల తేడా తెలిసినవాడే నిజమైన మరమ్మతుదారు. ఈ ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు వసారా మూలను ఒకసారి పరికించి చూడండి. పాత సామానులవాడిని ఆ తరువాత పిలవవచ్చు.