నౌకరు చేతిలో పుట్టిన మిట్టీ చాయ్‌దానీ

"పూత లేని మిట్టీ చాయ్‌దానీ ఒకటి కొనాలి భాయ్. రోజూ వాడుకోవడానికి. సేహత్‌కి నష్టం ఉండకూడదు, జేబుకీ భారం కాకూడదు. ఏది కొనమంటావ్?" దోస్తులు తరచూ అడిగే సవాల్ ఇది. నేను దుకాణందార్‌ని కాదు. నాకు తెలిసింది తారీఖ్. అయితే ఈ సవాల్‌కి సగం జవాబు ఆ తారీఖ్‌లోనే ఉంది.

ముందు మన మట్టి సంగతి. మనింట్లో సురాహీ ఉంటుంది, కూజా ఉంటుంది. తక్కువ వేడికి కాల్చిన మట్టి కనుక నీళ్లు చెమర్చి, గాలి తగిలి చల్లబడతాయి. ఆ చెమర్చే గుణమే చాయ్‌కి పనికిరాదు. కుల్హడ్‌లో చాయ్ తాగి పగలగొట్టేస్తాం, మళ్లీ వాడం. ఎందుకంటే మట్టి పాలను పీల్చేసుకుంటుంది. మరి పూత లేకుండా, చెమర్చకుండా ఏళ్ల తరబడి వాడే చాయ్‌దానీ ఎలా సాధ్యమైంది? అది తెలియాలంటే చీన్‌కి వెళ్లాలి.

మింగ్ వంశాన్ని నిలబెట్టిన హోంగ్‌వూ బాద్షా పుట్టుకతో గరీబ్ రైతు బిడ్డ. అమ్మానాన్నలు పోయాక మఠంలో చేరి, భిక్షమెత్తుకుని బతికినవాడు. అప్పట్లో దర్బారుకు నజరానాగా పంపే తేయాకును అచ్చుల్లో నొక్కి బిళ్లలు చేసేవారు. ఆ మెహనత్ అంతా రైతుల మీదే పడేది. 1391లో ఆయన హుకుం జారీ చేశాడు: బిళ్లలు వద్దు, ఆకును ఆకుగానే పంపండి. అప్పటికే జనంలో మొదలైన అలవాటుకు ఆ హుకుంతో రాజముద్ర పడింది. ఆకును పొడి చేసి గిలక్కొట్టి తాగడం తగ్గి, వేడినీళ్లలో నానబెట్టడం రివాజ్ అయింది. నానబెట్టాలంటే మూత, కొమ్ము, పిడి ఉన్న చిన్న పాత్ర కావాలి కదా.

ఆ పాత్రకు ఊరు జియాంగ్సు ప్రాంతంలోని యీషింగ్. అక్కడి కొండల్లో దొరికే మట్టిని జీషా అంటారు, అంటే ఊదా ఇసుక. రాయిలా గట్టిగా ఉండే ఆ మట్టిని దంచి, జల్లించి, నీళ్లతో కలిపి మాగబెడతారు. సారె మీద తిప్పరు. పలకలుగా కొట్టి, చుట్టి, అతికిస్తారు. దాదాపు 1100 నుంచి 1200 డిగ్రీల దాకా కాలుస్తారు. అంత వేడికి మట్టి బిగుసుకుంటుంది. సన్నటి రంధ్రాలు మిగులుతాయి గానీ నీళ్లు బయటికి రావు. ఇక పూత అవసరమేముంది? పూత లేదంటే, పాతకాలపు పూతల్లో ఉండే సీసం జహర్ బెడద కూడా లేదు.

మొదటి ఉస్తాద్ ఎవరంటే గోంగ్ చున్ అనే నౌకరు పేరు చెబుతారు. 16వ శతాబ్దం తొలినాళ్ల మాట. యజమాని గుడిలో చదువుకుంటుంటే ఇతను అక్కడి సన్యాసి కుండలు చేయడం చాటుగా చూశాడట. సన్యాసి చేతులు కడుక్కున్న నీళ్ల అడుగున పేరుకున్న మట్టితో తనూ ఒకటి చేశాడట. దాని మీద వేలిముద్రలు కనబడేవట. ఇందులో ఎంత నిజమో, ఎంత దాస్తానో గానీ, చీనీవాళ్లు ఈ హునర్‌కి మూలపురుషుడిగా ఏ అమీర్‌నీ కాక ఒక ఖిద్మత్‌గార్‌ని నిలబెట్టుకోవడం నాకు నచ్చుతుంది.

తర్వాత అమీర్లు రానే వచ్చారు. మింగ్ చివర్లో షీ దాబిన్ చిన్న సైజు చాయ్‌దానీలతో మషూర్ అయ్యాడు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో చెన్ మాన్‌షెంగ్ అనే హాకిం నమూనాలు గీశాడు, యాంగ్ పెంగ్‌నియాన్ మట్టితో చేశాడు. పాత్ర మీద ఖుష్‌ఖత్, అడుగున ముద్ర. అక్కడి నుంచి కీమత్ మట్టికి కాదు, పేరుకి. పేరు ఖరీదైతే నకిలీ రాకుండా ఉంటుందా? 20వ శతాబ్దపు గొప్ప ఉస్తాద్ గూ జింగ్‌జౌ కూడా 1930ల్లో షాంఘైలో వ్యాపారుల కోసం పాత ఉస్తాదుల పనికి నకళ్లు చేసినవాడే. ఆయన సొంత సెట్ ఒకటి 2015లో వేలంలో 9 కోట్ల యువాన్లు దాటింది. చాయ్ రుచి అందులో ఎంత పెరుగుతుందో అల్లాకే ఎరుక!

అసలు ఖతరా ఈ పేరుమోజు నుంచే వచ్చింది. 2010లో చీనా ప్రభుత్వ టీవీ బయటపెట్టిన సంగతి ఏమిటంటే, మామూలు మట్టిలో ఐరన్ ఆక్సైడ్, మాంగనీస్ డయాక్సైడ్ లాంటివి కలిపి 'అస్లీ జీషా' అని అమ్మేస్తున్నారు. బాగా కాలిస్తే అవి మట్టిలోనే బిగిసిపోతాయని వాదించేవాళ్లున్నారు. కావచ్చు. కానీ ఎంత కలిపారో, ఎంత కాల్చారో మనకు చెప్పేదెవరు?

అందుకని నేను చెప్పేది: పేరు కొనకండి, ముద్ర కొనకండి. సహజమైన జీషా రంగులు ఊదా గోధుమ, ఎరుపు, లేత పసుపు. 'పచ్చమట్టి' అని పిలిచే రకం కూడా కాలితే లేత పసుపుకే తిరుగుతుంది. నిగనిగలాడే నీలం, ఆకుపచ్చ కనిపిస్తే వదిలేయండి, అది కలిపిన రంగే. లోపల మరిగే నీళ్లు పోసి కాసేపాగి వాసన చూడండి. మైనం, బూట్‌పాలిష్, మందు వాసన వస్తే వాపస్ ఇచ్చేయండి. తడి తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటకూడదు. మూత కుదురుగా కూర్చోవాలి, కొమ్ము నుంచి ధార తెగకుండా పడాలి. పూర్తిగా చేత్తో చేసిందా, అచ్చులో నొక్కిందా అనే బహస్ షౌకీన్లకి వదిలేయండి. అచ్చుదైనా చాయ్ బాగానే దిగుతుంది, ధర ఎన్నో రెట్లు తక్కువ.

జీషా మీద నమ్మకం కుదరకపోతే జపాన్‌లోని తొకోనామె వైపు చూడండి. అక్కడి ఎర్రమట్టి చాయ్‌దానీలు 19వ శతాబ్దంలో మొదలయ్యాయి. 1878లో యీషింగ్ పద్ధతి నేర్పడానికి జిన్ షీహెంగ్ అనే చీనీ కారీగర్‌ని అక్కడికి పిలిపించుకున్నారు. ఎక్కువ మంది జపానీలు వాటిని వంటింటి సామానులాగే వాడతారు గనుక, సాదావి అందుబాటు ధరలోనే దొరుకుతాయి.

హైదరాబాదీలకు ఒక్క మాట. దీన్ని పొయ్యి మీద పెట్టకండి, పగిలిపోతుంది. పాలు పోయకండి, రంధ్రాల్లో చేరి పులిసిపోతాయి. దమ్ చాయ్‌కి మీ పాత గిన్నే ఖాయం. ఇందులో సులేమానీ గానీ, గ్రీన్ టీ గానీ వేసుకోండి. సబ్బు తగలనివ్వకుండా వేడినీళ్లతో కడిగి, మూత తీసి ఆరబెట్టండి.