డాక్టరుగారేరీ?

పెళ్ళింట్లో స్టోరుగది తాళాలు బొడ్లో దోపుకున్న మనిషే అవసరానికి కనిపించదు! "పిన్నిగారేరీ?" అంటూ ఇల్లంతా కేకలు. మహా అయితే అక్కడ లడ్డూలు ఆలస్యమవుతాయి. ఆసుపత్రిలో రోగి గుండె ఆగిపోతే? నాలుగైదు నిమిషాలు మెదడుకి రక్తం అందకపోతే మనిషి దక్కడమే కష్టం. అక్కడ ఎవరినీ వెతుక్కుంటూ కూచోవడానికి లేదు.

లండన్‌లో థేమ్స్ ఒడ్డున సెయింట్ థామస్ ఆసుపత్రి ఉంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో నర్సుల బడి పెట్టింది అక్కడే. 1871లో తెరిచిన భవనాలను ఆవిడ మెచ్చిన పద్ధతిలో, గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చేలా, విడివిడిగా కట్టి పొడుగాటి నడవాతో కలిపారు. గాలి బాగానే వచ్చింది. ఈ కొసనుంచి ఆ కొసనున్న మనిషిని పిలవాలంటే మాత్రం కాళ్ళరిగిపోవలసిందే!

తర్వాత పెద్ద ఆసుపత్రుల్లో లౌడ్‌స్పీకర్లు వచ్చాయి. ఒక్క డాక్టరు కోసం వార్డంతటికీ నిద్రాభంగం. అమెరికాలో ఆల్ గ్రాస్ అనే ఆయన 1949లో, జేబులో పెట్టుకుంటే కూతపెట్టి పిలిచే రేడియో యంత్రం తయారుచేశాడు. తర్వాత పేజర్ అని పేరుపడింది అదే. 1950లో న్యూయార్కులోని యూదుల ఆసుపత్రి వాడింది కూడా. అయినా 1956లో ఆయన దాన్ని ఓ వైద్యుల సభలో చూపిస్తే, రోగులు కంగారుపడతారని నర్సులూ, గోల్ఫ్ ఆటకి అడ్డమని డాక్టర్లూ పెదవి విరిచారట! సరిగ్గా ఆ ఏడే సెయింట్ థామస్‌వారు మల్టీటోన్ కంపెనీ పేజర్లు తెచ్చుకున్నారు.

పేజర్ పిలుస్తుందేగాని మాట్లాడదు. 1992లో యూరప్‌వారు డెక్ట్ అనే వైర్‌లెస్ ఫోను పద్ధతి ఖాయం చేశాక, నర్సు నడుస్తూనే మాట్లాడే వీలు కలిగింది. ఫోను కొంటే సరిపోయిందా? గోడలు ఒప్పుకోవద్దూ! ఎక్స్‌రే గది గోడల్లో సీసపు రేకు. లిఫ్టు అంటే ఇనప్పెట్టె. నేలమాళిగ సంగతి సరేసరి. అందుకని ఇంజనీర్లు భవనం ప్లాను చేతపట్టుకుని గది గదీ తిరిగి, ఎక్కడ మాట తెగుతోందో గుర్తు పెట్టుకుంటారు. పాక మీద తాటాకుమీద తాటాకు కప్పినట్టు, ఒక రేడియో పెట్టె పరిధి పక్కదాని పరిధిమీదికి కాస్త జరిగేలా అమరుస్తారు. సందు మిగిలిందా, నడుస్తున్న నర్సు మాట అక్కడే తెగుతుంది. ఒక్కో పెట్టె ఒకేసారి కొన్ని సంభాషణలే మొయ్యగలదు గనక, రద్దీ ఉన్నచోట ఇంకో రెండు పెట్టాలి.

2019 నాటికి బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇంకా సుమారు 1,30,000 పేజర్లున్నాయి. 2021 చివరికల్లా మానెయ్యమని ఆ ఏడు ప్రభుత్వం ఆదేశించింది. మరో దారిలేని అత్యవసరానికి మాత్రం ఉంచుకోవచ్చంది. పాత చుట్టాన్ని అంత తేలిగ్గా పొమ్మనగలమా మరి!

ప్లాను గీసేవారికి నాదొక మనవి. ఇంట్లో ఏ మూలకి కేక వినపడదో ఇల్లాలికి తెలుసు. ఆసుపత్రిలో ఆ మూల ఏదో రాత్రి డ్యూటీ నర్సుకీ, ఆయాకీ తెలుసు. ముందు వాళ్ళనడిగి తర్వాత పెన్సిలు పట్టుకుంటే ఓ ప్రాణమైనా నిలబడుతుంది. ఏమంటారు?