ఉప్పాడ తీరము: జీవరాశుల రాకపోకలు

కాకినాడకు ఉత్తరమున ఉన్న ఉప్పాడ తీరమునకు పోయినవారికి మొదట కనిపించునవి మూడు: ఇసుక మీద ఆరవేసిన వలలు, గాలికి హోరుమను సరుగుడు చెట్లు, అలలకు అడ్డుగా పేర్చిన బండరాళ్లు. వలలు ఆ ఊరివే. రాళ్లు మనుష్యులు తెచ్చి వేసినవి. మరి సరుగుడు మాటేమి? ఈ తీరమున పుట్టి పెరిగినవారు దానిని తాతలనాటి చెట్టుగానే ఎరుగుదురు. కాని దాని పుట్టిల్లు బర్మా తీరము మొదలు ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల వరకు గల ప్రాంతము. 19వ శతాబ్దిలో వంటచెరకు కొరకును, రైలు ఇంజనులలో మండించుట కొరకును చెన్నరాజధాని ఇసుక నేలలలో దానిని విరివిగా నాటించినారు.

ఏ చెట్టు ఎచటిది, ఏ ప్రాణి ఎందుకు అక్కడనే ఉన్నది అను ప్రశ్నకు జవాబు చరిత్రలో వెదుకవలెను. ఆ చరిత్రను నడిపినవారు ముగ్గురు: భూమి, సముద్రము, మనిషి. ఉప్పాడ ఒడ్డున నిలిచి ఈ ముగ్గురి పనిని పరిశీలింతము.

వాతావరణము ఒకటే అయినచోట ప్రాణులును ఒకటే కావలెనని మనకు తోచును. అట్లు కాదని 19వ శతాబ్ది నడుమ ఆల్‌ఫ్రెడ్ వాలెస్ మలయా దీవులలో కనుగొన్నాడు. బాలి, లంబోక్ దీవుల నడుమ జలసంధి సుమారు 35 కిలోమీటర్లు. ఎండ ఒకటే, వాన ఒకటే. అయినను బాలిలో ఆసియా పక్షులను చూచిన కంటికి, లంబోక్ చేరగనే ఆస్ట్రేలియా వైపు జాతులైన కాకటూ చిలుకలు కనిపించినవి. ఆ జలసంధి మిక్కిలి లోతైనది. మంచుయుగములలో సముద్రమట్టము తగ్గి బాలి ఆసియాతో కలిసిపోయినప్పుడును ఆ నీరు మాత్రము అడ్డుగా నిలిచే ఉన్నది. రెండు దీవుల భేదమునకు కారణము నేటి ఎండవానలు కావు, గడచిన చరిత్ర. ఈ విషయమునే విస్తరించి వాలెస్ 1876లో జంతువుల భౌగోళిక వ్యాప్తిపై రెండు సంపుటముల గ్రంథమును ప్రకటించినాడు.

భూమి చేసిన పనికి నిదర్శనము మన గోదావరి లోయలోనే కలదు. ఉప్పాడకు దక్షిణమున సముద్రమును చేరు ఈ నది, అంతకు ముందు సింగరేణి బొగ్గు పొరలున్న సీమ మీదుగా ప్రవహించును. అటువంటి పొరలలో గ్లోసోప్టెరిస్ అను ప్రాచీన వృక్షజాతి ఆకుల ముద్రలు దొరకును. అవే ముద్రలు దక్షిణాఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను, తుదకు మంచు కప్పిన అంటార్కిటికాలోను దొరకినవి. ఇన్ని మహాసముద్రములను ఆ చెట్టు ఎట్లు దాటినది? దాటలేదు. నాడు ఈ భూభాగములన్నియు ఒక్కటిగా ఉండి, తరువాత విడిపోయినవి. చెట్టు కదలలేదు, నేలయే కదలినది. ఆ ప్రాచీన ఖండమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన గోండ్వానా అను పేరు మన గోండుల సీమ పేరే.

ఇక సముద్రము. నేల మీది ప్రాణికి అది అడ్డుగోడ, నీటిలోని ప్రాణికి రాజమార్గము. కోరంగి మడ అడవులలో కొన్ని జాతుల గింజలు తల్లిచెట్టు మీద ఉండగనే మొలకెత్తి, పిదప నీటిలో పడి తేలిపోయి, బురద దొరికినచోట వేరు పట్టును. అందువలననే ఒకే మడజాతి ఆఫ్రికా తీరము మొదలు పసిఫిక్ దీవుల దాక కనిపించును. చేపలలో పులస చరిత్రయు ఇట్టిదే. పారశీక సింధుశాఖ నుండి బర్మా వరకు తిరుగు ఆ చేప సముద్రమున ఉన్నంతకాలము విలస, వరద రోజులలో గోదావరి ఎర్రనీటికి ఎదురీది వచ్చిన పిమ్మట పులస. గ్రుడ్లు పెట్టుటకు దానికి తీయని నీరు కావలెను.

మూడవవాడు మనిషి. ఉప్పాడ నుండి పిఠాపురము మీదుగా పోయినచో సామర్లకోట దూరము కాదు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన విలియం రాక్స్‌బర్గు 1781 ప్రాంతమున అచటికి వచ్చి, 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు పోవువరకు సామర్లకోటలో ఒక ప్రయోగాల తోటను పెంచినాడు. కాఫీ, మిరియము, దాల్చిన, జాజికాయ, సీమపనస మొదలగువానిని తెప్పించి, ఈ నేల వానికి సరిపడునో లేదో చూచినాడు. కంపెనీకి లాభము కావలెను, అది నిజమే. కాని 1790ల ఆరంభమున ఉత్తర సర్కారులను పీడించిన ఘోరమైన కరవును ఆయన కన్నులార చూచినాడు. వాన తప్పినను ప్రజలకు తిండి పెట్టగల చెట్లను నాటింపవలెనని కంపెనీవారికి సూచించినాడు. ఒక మొక్క ఒక దేశము నుండి మరియొక దేశమునకు చేరుట అన్నది ఆనాడు పండితుల వినోదము కాదు, ఆకలిగొన్నవారి ప్రాణసమస్య.

ఆయన కోరమాండల్ తీరపు మొక్కలపై రచించిన గ్రంథము 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములుగా, 300 చిత్రపటములతో లండనులో వెలువడినది. ఆ పటములకు మూలచిత్రములు వ్రాసినవారు మన దేశపు చిత్రకారులు. వారి పేర్లు మాత్రము ఆ పటముల మీద లేవు. మొక్కల తెలుగు పేర్లు నిలిచినవి. ఆయన అందు వర్ణించిన సీమచింత మెక్సికో ప్రాంతపు చెట్టు. ఈనాటి దాని శాస్త్రనామమునకు మూలము ఆయన ఈ తీరమున పెట్టిన పేరే. తెలుగువారు మరచిపోయినను తెలుగు మరచిపోలేదు. పేరునకు ముందున్న 'సీమ' అను రెండక్షరములు, అది ఓడ దిగివచ్చిన చెట్టని ఇప్పటికిని చెప్పుచున్నవి. బొప్పాయిని కొన్ని తావుల 'పరంగి' అనుటయు అట్టిదే.

మన మాటలును ఓడలెక్కినవి. అదే కాలమున విశాఖపట్టణమున ఉన్న పాట్రిక్ రస్సెల్ ఈ తీరపు పాములను, చేపలను తెలుగు పేర్లతో వర్ణించి 1796లోను, 1803లోను గ్రంథములుగా ప్రకటించినాడు. ఇరాను నుండి ఇండొనీషియా వరకు వ్యాపించిన కట్లపాముల జాతికి శాస్త్రమున గల 'బంగారస్' అను నామము మన 'బంగారు' శబ్దమే.

అయితే తెచ్చిన ప్రతిదియు మేలు చేయలేదు. దక్షిణ అమెరికా నుండి వచ్చిన గుర్రపుడెక్క డెల్టా కాలువలను కప్పివేసినది. పసిఫిక్ తీరపు వనామి రొయ్య పెంపకమునకు మన దేశమున 2009లో అనుమతి లభించగా, కొలది సంవత్సరములలోనే చెరువుల నుండి మన టైగరు రొయ్య చాలవరకు తొలగిపోయినది.

మనిషి దూరదేశముల ప్రాణులను మోసుకొని వచ్చుటయే కాదు, ఉన్నవాని దారిని కట్టివేయుటయు కలదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. అదే ఆనకట్ట పులసకు ఎగువదారిని మూసినది. లంబోక్ జలసంధిని ప్రకృతి యుగయుగములు కాపాడినది. ఈ గీతను మనము అయిదారేండ్లలో గీచినాము.

ఇటీవల మేము ఉప్పాడ పోయినప్పుడు ఒక ముదుసలి జాలరి సముద్రము వైపు చేయి చాచి, "మా తాతలనాటి ఇళ్లు అదిగో, ఆ అలల కింద ఉన్నాయండి బాబూ" అన్నాడు. సముద్రము ఏటేట ఒడ్డును కోయుచున్నది. మిగిలిన ఇళ్లను, బాటను కాపాడుకొనుటకు బండరాళ్లు వేసినారు. వేయక తప్పదు.

కాని చలికాలము వెళ్లునప్పటికి ఆలివ్ రిడ్లీ జాతి తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు ఈ తీరములకు వచ్చును. తాము పుట్టిన తీరప్రాంతమునకే అవి తిరిగి వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తల్లితాబేలు రాత్రివేళ ఇసుక మీదికి ప్రాకి, గుంట తీసి, నూరు గ్రుడ్ల వరకు పెట్టి పోవును. మహాసముద్రములు దానికి అడ్డు కావు. అది ఎక్కలేనిది రాతిగట్టు. సరుగుడును తెచ్చి నాటినది మనము, రాళ్లను పేర్చినది మనము. ఊరు నిలుపుకొనుట ఎంత అవసరమో, రాళ్లు లేనిచోట కొంత ఇసుకను తాబేలుకు విడిచిపెట్టుటయు అంత అవసరము. ఆ ఇసుకను కొలిచి, గుర్తించి, ఇప్పుడే విడువవలెను. పులస విషయమున మనకు ఈ ఆలోచన ఆనకట్ట కట్టిన తరువాత వచ్చినది.